అంగన్‌వాడీలో బిడ్డ తిన్నదా అని మాత్రమే కాదు.. ఆ అన్నం ఎప్పుడు వండారో కూడా అడగండి! చిన్నారుల ప్లేటు వెనుక అసలు లెక్క ఇదీ

బలిఘట్టం.. నర్సీపట్నం పట్టణాన్ని ఆనుకుని వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. బ్రహ్మలింగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఇక్కడే కాదు, చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా పొద్దున్నే కనిపించే సీన్ ఒకటే. అమ్మ కూలి పనికో, షాపులో డ్యూటీకో బయల్దేరుతుంది. మూడేళ్ల పాప అంగన్‌వాడీ గుమ్మం ఎక్కుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ అడిగే మొదటి ప్రశ్న.. "బువ్వ తిన్నావా? ఏం పెట్టారు?"

పాప చెప్పే జవాబు కూడా దాదాపు ఒకటే. "గుడ్డు."

ఆ జవాబుతో చాలామంది ఊరుకుంటారు. గుడ్డు పెట్టారంటే మంచి భోజనమే అని లెక్క. కానీ పిల్లలను వేరేవాళ్ల దగ్గర వదిలి వెళ్లే ప్రతి ఇంటికీ తెలియాల్సిన విషయాలు ఇంకో రెండున్నాయి. ఒకటి.. ఆ ప్లేటులో ఉన్నది బిడ్డ రోజు అవసరంలో ఎంత భాగం? మిగతాది ఎవరు పెట్టాలి? రెండోది.. అది పొయ్యి దిగి ఎంతసేపైంది? ఈ రెండో ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఒక్కసారి 2024 ఆగస్టుకు వెళ్లాలి.

అప్పుడు ఏం జరిగింది?

ఇదే అనకాపల్లి జిల్లా. నర్సీపట్నానికి పెద్ద దూరమేం కాని కోటవురట్ల మండలం కైలాసపట్నం. అక్కడ ఓ ట్రస్టు ఆధ్వర్యంలో నడుస్తున్న పిల్లల వసతి గృహంలో ఒక్కసారిగా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పదుల సంఖ్యలో పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. కనీసం ముగ్గురు చిన్నారులు ప్రాణాలు కోల్పోయారు. సాయంత్రం పూట సమోసాలు తిన్న తర్వాతే అస్వస్థత మొదలైందని అప్పట్లో వార్తలు వచ్చాయి. రాష్ట్రమంతా రెండు మూడు రోజులు అదే చర్చ.. తర్వాత అందరూ మర్చిపోయారు.

ఆ పిల్లలు ఆకలితో ఉండి చనిపోలేదు. ఎవరో పెట్టింది తిన్నారు. పెద్దవాళ్లు పెడితే తినడం తప్ప ఇంకేం తెలియని వయసు. అందుకే సంరక్షణలో ఉన్న పిల్లల భోజనం అనగానే పోషకాహారం, శుభ్రత అని రెండు వేర్వేరు విషయాలుగా చూడకూడదు. ఎంత బలమైన తిండి అయినా, అది కడుపులో నిలవకపోతే ఏం లాభం? విరేచనాలు పట్టుకున్న బిడ్డ తిన్నది ఒంటికి పట్టదు. ఆకలి చచ్చిపోతుంది, బరువు తగ్గుతుంది, మళ్లీ జబ్బు పడటం ఇంకా సులువవుతుంది.

బిడ్డకు రావాల్సింది ఎంత?

ముందు హక్కు సంగతి చూద్దాం. అంగన్‌వాడీల కథ 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ పథకంతో ఆరంభమైంది. 2001లో ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాక అది దయతో పెట్టే భోజనం కాదు, పెట్టి తీరాల్సిన భోజనం అయింది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రత చట్టం దాన్ని అంకెల్లోనే రాసేసింది.

ఆ చట్టం ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలకు ఇంటికి ఇచ్చే రేషన్ రూపంలో రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ అందాలి. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు కూడా అంతే.. కానీ ఉదయం చిరుతిండి, మధ్యాహ్నం వేడిగా వండిన భోజనం రూపంలో. పోషకాహార లోపం ఉన్న పిల్లలకైతే 800 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రోటీన్. ఇదంతా ఉచితం. "వేడిగా వండిన" అనే మాట చట్టంలోనే ఉందన్నది గుర్తుపెట్టుకోండి. ఇంటి నుంచి డబ్బాలో తెచ్చి పెట్టేది, నిన్నటిది వేడి చేసి పెట్టేది ఈ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు లెక్క. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ.. అందరూ ఎన్ఐఎన్ అని పిలిచేది.. మన దేశంలో ఏ వయసు వాళ్లకు ఎంత తిండి కావాలో లెక్కలు కట్టేది ఈ సంస్థే. 2020 నాటి లెక్క ప్రకారం 1 నుంచి 3 ఏళ్ల బిడ్డకు రోజుకు దాదాపు 1010 కేలరీలు కావాలి. 4 నుంచి 6 ఏళ్ల బిడ్డకు 1360 కేలరీలు, 16 గ్రాముల ప్రోటీన్.

ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. అంగన్‌వాడీలో 500 కేలరీలు.. బిడ్డకు కావాల్సింది 1360. అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే కేంద్రంలో దొరుకుతోంది. మిగతా 860 కేలరీలు ఇంట్లోనే అందాలి. కానీ ప్రోటీన్ దగ్గర సీన్ రివర్స్. 16 గ్రాములకు గాను 12 నుంచి 15 గ్రాములు కేంద్రంలోనే వచ్చేస్తాయి. బిడ్డ ప్లేటు మొత్తం ఖాళీ చేస్తేనే సుమా!

దీని అర్థం ఏంటి? అంగన్‌వాడీలో గుడ్డు, పప్పు, పాలు వదిలేసి ఉత్త అన్నం తిని వచ్చిన బిడ్డ ఆ రోజుకు ప్రోటీన్ దాదాపు పోగొట్టుకున్నట్టే. అలాగే "మధ్యాహ్నం కేంద్రంలో తిన్నది కదా" అని సాయంత్రం ఒక బిస్కెట్ ప్యాకెట్, రాత్రి రెండు ముద్దల చారన్నంతో సరిపెడితే బిడ్డ బరువు పెరగదు. ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు ఈ రెండోదే.

ఒక ప్లేటును విడదీసి చూస్తే..

ఉదాహరణకు నాలుగేళ్ల పాపకు ఒక పూట ఇలా పెట్టారనుకుందాం. 75 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, గుప్పెడు కందిపప్పు అంటే సుమారు 20 గ్రాములు, ఆకుకూర లేదా కూరగాయలు 50 గ్రాములు, ఒక చెంచా నూనె, ఒక గుడ్డు, 100 మిల్లీలీటర్ల పాలు.

బియ్యం నుంచి 260 కేలరీల పైన వస్తాయి. పప్పు నుంచి 65 దాకా. గుడ్డు 75 నుంచి 80. పాలు మరో 65. ఆ ఒక్క చెంచా నూనె 45 ఇస్తుంది. మొత్తం కలిపితే 500 దాటుతుంది. ప్రోటీన్ 20 గ్రాముల దగ్గరకు వస్తుంది. అందులో గుడ్డు వాటా 6 గ్రాముల పైనే, పాలు 3 గ్రాములు, పప్పు 4 గ్రాములకు పైగా. ఖరీదైనదేమీ లేదు ఇందులో. అన్నీ మన వంటింట్లో ఉండేవే.

కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ పాప ఒక్కసారికి ఎంత తినగలదు?

చిన్నపిల్లల పొట్ట సైజు కేజీ బరువుకు దాదాపు 30 గ్రాములని పోషకాహార నిపుణులు లెక్కేస్తారు. పది కేజీల బిడ్డ అంటే ఒకసారికి 300 గ్రాములు.. ఒక మామూలు స్టీల్ గ్లాసు కంటే కాస్త ఎక్కువ. అంతకు మించి ఎంత బతిమాలినా లోపలికి పోదు. ఆ 300 గ్రాముల్లో సగం నీళ్లే ఉంటే? పొట్ట నిండుతుంది, ఒంటికి మాత్రం ఏమీ చేరదు.

మన ఇళ్లలో పిల్లలకు అలవాటుగా పెట్టేది పప్పుకట్టు. పప్పు ఉడికాక పైన తేరిన పలుచని నీళ్లు తీసి అన్నంలో కలిపి, "సులువుగా అరుగుతుంది" అని పెడతారు. బలం అంతా అడుగున ఉన్న పప్పులోనే ఉండిపోతుంది. దాన్ని ఇంట్లో పెద్దవాళ్లు తింటారు! పలుచని చారు, గంజి, నీళ్ల మజ్జిగ.. అన్నిటిదీ ఇదే కథ. అరుగుదల భయమే అయితే పప్పును మెత్తగా ఉడికించి మెదిపి పెట్టండి. నీళ్లు చేర్చాల్సిన పనిలేదు.

గుర్తుపట్టడానికి ఓ ఈజీ టెస్ట్ ఉంది. కలిపిన అన్నాన్ని చెంచాలో తీసుకుని వంచి చూడండి. నీళ్లలా జారిపోతే పలుచన. చెంచాకు పట్టుకుని నెమ్మదిగా కదిలితే సరైన చిక్కదనం. పైన ఒక చెంచా నెయ్యి గానీ నూనె గానీ వేస్తే అదే ముద్దలో 45 కేలరీలు అదనం. పొట్టలో చోటు మాత్రం దాదాపు అంతే.

చిన్న పొట్ట కాబట్టి పూటలు కూడా ఎక్కువ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేంటంటే.. 6 నుంచి 8 నెలల బిడ్డకు తల్లిపాలతో పాటు రోజుకు 2-3 సార్లు, 9 నెలలు దాటాక 3-4 సార్లు తిండి పెట్టాలి. ఏడాది దాటితే మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు కూడా. ఏడాది లోపు బిడ్డకు తేనె అస్సలు వద్దు. అరుదుగానే అయినా ప్రాణాంతకమైన బొటులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. పుట్టగానే నాలుకకు తేనె రాసే ఆచారం ఉన్న ఇళ్లు ఈ మాట పెద్దవాళ్లకు కాస్త నెమ్మదిగా చెప్పాల్సిందే.

మూడేళ్ల లోపు పిల్లలకు ఇంటికి ఇచ్చే బాలామృతం పొడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన పొడి అది. రెండున్నర కేజీల ప్యాకెట్.. రోజుకు 100 గ్రాముల చొప్పున ఒక బిడ్డకు 25 రోజుల లెక్క. ఇంట్లో నలుగురూ లడ్డూలు చేసుకు తింటే వారంలో అయిపోతుంది. అప్పుడు బిడ్డకు మిగిలేదేమీ ఉండదు. అందులో చక్కెర ముందే ఉంది కాబట్టి మళ్లీ కలపకండి. మరిగించి చల్లార్చిన నీళ్లతో, ఒక్కో పూటకు కావాల్సినంతే కలపాలి. పొద్దున కలిపి సాయంత్రం దాకా గిన్నెలో ఉంచడం అస్సలు మంచిది కాదు.

చోడి జావను చిన్నచూపు చూడకండి

ఉత్తరాంధ్రలో రాగులను చోళ్లు అంటారు. పెద్దవాళ్లు చోడి అంబలి తాగి పొలానికి వెళ్లిన ప్రాంతం ఇది. ఇప్పుడు అదే ఇళ్లలో పిల్లల చేతిలో రంగురంగుల ప్యాకెట్ కనిపిస్తోంది.

100 గ్రాముల చోళ్లలో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు. 100 మిల్లీలీటర్ల పాలలో ఉండేది 120 దాకా. పసిపిల్లకు ఒక పూట జావలో 30 గ్రాముల చోడిపిండి వేసినా వంద మిల్లీగ్రాముల పైన వచ్చేస్తుంది. 4 నుంచి 6 ఏళ్ల బిడ్డకు రోజుకు కావాల్సింది 550. అంటే ఒక కప్పు జావ, ఒక కప్పు పాలు కలిస్తే రోజు అవసరంలో మూడో వంతు దాటేసినట్టే. జావ చిక్కగా ఉండాలన్నది మాత్రం మర్చిపోవద్దు. దాంట్లో కాస్త అనకాపల్లి బెల్లం వేస్తే పిల్లలు ఇష్టంగా తాగుతారు. అయితే అది రుచి కోసమే. బెల్లంతోనే ఒంట్లో రక్తం పడుతుందనే నమ్మకం మీద ఆధారపడకండి.

రక్తం అనగానే ఇంకో లెక్క గుర్తుచేయాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 31.2 శాతం. అంటే ఓ కేంద్రంలో 20 మంది చిన్నారులు వరుసగా కూర్చుంటే, రాష్ట్ర సగటు చొప్పున వాళ్లలో 12 మందికి పైగా రక్తం తక్కువే!

తోటకూర, మునగాకు, పొన్నగంటి, ఉలవలు, నువ్వులు, గుడ్డు, చేప.. నర్సీపట్నం సంతలో దొరకనివేం కావు. తాండవ రిజర్వాయర్ చేప దొరికినప్పుడు ముల్లు జాగ్రత్తగా తీసి రెండు ముక్కలు పెట్టినా మంచిదే. ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి పట్టాలంటే పక్కన పులుపు కావాలి. పప్పులో దించాక నాలుగు చుక్కల నిమ్మరసం, లేదంటే తిన్నాక ఒక జామ ముక్క చాలు. దీనికి పూర్తి రివర్స్ టీ. పెద్దవాళ్లు తాగుతుంటే అడుగుతున్నాడని సాసర్‌లో పోసి ఇచ్చే ఆ రెండు గుక్కల టీ, అన్నంలోని ఐరన్‌ను ఒంటికి పట్టకుండా అడ్డుకుంటుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు టీ ఎందుకసలు?

తిండితో పాటు నులిపురుగుల మాత్ర కూడా ముఖ్యం. ఫిబ్రవరి 10, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవాల పేరుతో అంగన్‌వాడీల్లో అల్బెండజోల్ ఇస్తారు. ఏడాది నుంచి రెండేళ్ల లోపు వారికి సగం మాత్ర, ఆపైన పూర్తి మాత్ర. పొడి చేసి నీళ్లతో ఇవ్వాలి. పురుగులుంటే ఎంత పెట్టినా సగం వాటికే పోతుంది.

ఇక రోజూ ఏం వండాలన్న విషయం.. వారానికి ఆరు రోజులూ ఆరు కొత్త వంటకాలు అక్కర్లేదు. పిల్లలకు తెలిసిన రుచులే మంచివి. ఒక రోజు తోటకూర పప్పు, ఇంకో రోజు ఆనపకాయ పప్పు, మరో రోజు పెసరపప్పు కిచిడీ, మధ్యలో ఒకసారి గుమ్మడికాయ కూర, గుడ్డు కూర.. పప్పు మారాలి, ఆకు మారాలి, గుడ్డు మాత్రం రోజూ ఉండాలి. కారం తగ్గించి వండాలి. కొత్త కూర మొదటిసారి ఉమ్మేస్తే "వీడికి ఇష్టం లేదు" అని వదిలేయకండి. కొందరు పిల్లలు పదిసార్లు రుచి చూశాక గానీ తినరు.

అసలు ప్రమాదం గడియారంలో ఉంది

ఇప్పుడు మళ్లీ ఆ రెండో ప్రశ్నకు వద్దాం. వండి ఎంతసేపైంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రూల్ సింపుల్. వండిన తిండి బయట మామూలు వేడిలో 2 గంటలకు మించి ఉండకూడదు. ఉంచాల్సి వస్తే 60 డిగ్రీల పైన పొగలు కక్కుతూ ఉండాలి, లేదంటే 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో ఉండాలి. ఈ రెండింటి మధ్య ఉన్న గోరువెచ్చని వేడి సూక్ష్మక్రిములకు భలే ఇష్టం. మే నెల ఎండలో నర్సీపట్నం గది వేడి 32 డిగ్రీలు దాటితే 2 గంటలు కూడా ఎక్కువే.. ఒక గంటే లెక్క.

"మళ్లీ వేడి చేస్తే క్రిములు చస్తాయి కదా?" అని చాలామంది అడుగుతారు. క్రిములు చస్తాయి, నిజమే. కానీ అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషయం వేరు. బియ్యం గింజ మీద ఉండే దాని బీజాలు వంట వేడికి కూడా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, వాంతులు తెప్పించే విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ ఉడికించినా పోదు. వంట చేసేవారి చేతి గాయం నుంచో, ముక్కు నుంచో తిండిలోకి వచ్చే స్టెఫైలోకాకస్ అనే ఇంకో క్రిమి కూడా ఇలాంటిదే. మెదిపిన ఆలూ కూర, స్వీట్లు, పాలతో చేసినవి.. చేత్తో ఎక్కువగా కలిపే ఏ తిండి అయినా దానికి అనుకూలమే.

ఇంకో అపోహ.. వాసన చూస్తే తెలిసిపోతుందని. తెలియదు. విషం తయారైన అన్నం రంగు, రుచి, వాసన మామూలుగానే ఉండొచ్చు. పిల్లలకు వడ్డించే ముందు పెద్దవాళ్లు రుచి చూడటం మంచి అలవాటే. ఉప్పు, కారం, మాడు, కిరోసిన్ వాసన లాంటివి దొరుకుతాయి. కానీ రుచి చూసి బాగుంది అనుకుంటే సేఫ్ అని కాదు. పైగా పెద్దవాళ్ల ఒంటికి ఆగేది పసివాళ్ల ఒంటికి ఆగదు. అదే మోతాదు విషం, శరీరం మాత్రం చాలా చిన్నది.

మరి మనం తరతరాలుగా చద్దన్నం తింటున్నాం కదా అంటారా? మజ్జిగ పోసి పులియబెట్టిన అన్నంలో పులుపు పెరిగి కొన్ని క్రిములకు బ్రేక్ పడుతుంది. ఇంట్లో నలుగురికి జాగ్రత్తగా చేసుకునే ఆ అన్నం వేరు. ఇరవై మంది పసిపిల్లలకు వండిన పెద్ద గిన్నెలో సాయంత్రం దాకా మిగిలిపోయిన అన్నం వేరు. గిన్నె పెద్దదయ్యే కొద్దీ మధ్యలో వేడి చాలాసేపు నిలిచి ఉంటుంది. పైన చల్లగా తగిలినా లోపల క్రిములకు కావాల్సినంత వెచ్చదనం ఉంటుంది.

అందుకే పిల్లల కేంద్రంలో వంట ప్లాన్ వడ్డించే టైమ్ నుంచి వెనక్కి వెయ్యాలి. 12 గంటలకు భోజనం అనుకుంటే 11.30కి అన్నం దిగాలి. 1 గంటకల్లా గిన్నెలు ఖాళీ. మిగిలింది రేపటికి కాదు, సాయంత్రం ఎవరి ఇంటికీ కాదు. ఎంతమంది పిల్లలు వచ్చారో లెక్కపెట్టాకే బియ్యం కొలిస్తే మిగిలే సమస్యే ఉండదు. గుడ్లు ఉడికించే ముందు కడగాలి, పచ్చసొన గట్టిపడే దాకా ఉడకాలి, పెంకు వడ్డించే ముందే ఒలవాలి. నీళ్లలో వేస్తే పైకి తేలే గుడ్డు పాతది, పక్కన పడేయడమే. పాల ప్యాకెట్ ఉబ్బి ఉంటే కత్తిరించి చూడాల్సిన పని కూడా లేదు.

వంట చేసే మనిషికి విరేచనాలో, వాంతులో ఉంటే ఆ రోజు వంటింట్లోకి రాకూడదు. తగ్గాక కూడా రెండు రోజులు ఆగడం మంచిది. ఇది చెప్పినంత తేలిక కాదు. ఆయమ్మ ఒక్కరే ఉన్న కేంద్రంలో ఆమె రాకపోతే వండేదెవరు? సెలవు పెడితే మాట పడాల్సి వస్తుందేమో అని జ్వరంతోనే వచ్చి వండే ఆడవాళ్లు ఎందరో. బదులు మనిషి ఏర్పాటు లేకుండా "శుభ్రత పాటించాలి" అని గోడ మీద పోస్టర్ అంటించి లాభం లేదు.

పుట్టినరోజు భోజనం పెట్టిస్తున్నారా? ఒక్క నిమిషం!

మన దగ్గర మంచి మనసుతో జరిగే పని ఒకటుంది. పుట్టినరోజనో, పెళ్లిరోజనో, తద్దినమనో అనాథ పిల్లల ఆశ్రమానికి భోజనం పంపడం. ఫంక్షన్‌లో మిగిలిన బిర్యానీ, స్వీట్లు ఆటోలో వేసి పంపేవాళ్లూ ఉన్నారు. "పారేసే బదులు పిల్లలు తింటారు కదా" అన్నది ఆలోచన.

లెక్క చూడండి. మధ్యాహ్నం ఫంక్షన్‌కు పొద్దున 9కి వంట దిగింది. 3 గంటలకు మిగిలింది సర్దారు. ఆశ్రమానికి చేరేసరికి 5. పిల్లలు తినేసరికి రాత్రి 7. అంటే 10 గంటలు. పంపినవాళ్లది పుణ్యం చేద్దామన్న ఉద్దేశమే అయినా క్రిములకు ఉద్దేశాలు తెలియవు. శివరాత్రి, కార్తీక మాసం లాంటి రోజుల్లో గుళ్ల దగ్గర పంచే పులిహోర చింతపండు పులుపు వల్ల కొంతసేపు ఆగుతుందేమో గానీ, పెరుగన్నం, చక్కెర పొంగలి అంతసేపు ఆగవు.

పిల్లలకు ఏదైనా ఇవ్వాలనుకుంటే బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, అరటిపళ్లు ఇవ్వండి. వండి పెట్టాలనే ఉంటే అక్కడి వంటింట్లోనే వండించి, కళ్ల ముందే వడ్డించండి. ఆశ్రమం నడిపేవాళ్లు కూడా బయటి నుంచి వచ్చిన వండిన తిండిని వద్దనడానికి మొహమాటపడకూడదు. అన్నట్టు, పిల్లలను ఉంచుకుని చూసుకునే ఏ సంస్థ అయినా 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 41 కింద రిజిస్టర్ కావాల్సిందే. విరాళం ఇచ్చే ముందు ఆ రిజిస్ట్రేషన్ చూపించమని అడగడం తప్పేం కాదు. నర్సీపట్నం మీదుగా ఏజెన్సీ పల్లెల నుంచి చదువు కోసం పిల్లలను ఇలాంటి చోట్లకు పంపే తల్లిదండ్రులైతే తప్పకుండా అడగాలి.

గొంతుకు అడ్డుపడేవి, గదిలో దాగి ఉన్నవి

క్రిములు ఒక్కటే కాదు. పల్లీలు, ఉడికించిన శనగలు, ద్రాక్ష, గుండ్రటి చాక్లెట్లు, పచ్చి క్యారెట్ ముక్క.. నాలుగేళ్ల లోపు పిల్లల గొంతులో ఇరుక్కునే సైజువి ఇవే. పల్లీలు పొడి చేసి, శనగలు మెదిపి, ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టాలి. గుడ్డు కూడా చిన్నవాళ్లకు నాలుగు ముక్కలు. పచ్చసొన పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది కాబట్టి అన్నంలో కలిపేయడం బెటర్. పరిగెడుతూ, పడుకుని, ఏడుస్తూ తినే బిడ్డకు ముద్ద పెట్టకూడదు. బూజు పట్టిన, చేదెక్కిన పల్లీలైతే వేయించి వాడేద్దాం అనుకోకండి, పారేయండి.

ఇక స్టోర్ రూమ్. 2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లాలో ఓ స్కూల్ మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. కారణం మోనోక్రోటోఫాస్.. పొలాల్లో కొట్టే పురుగుమందు. అది వంట నూనెలో కలిసింది. బలిఘట్టం చుట్టుపక్కల అన్నీ సాగు భూములే. పురుగుమందు డబ్బా ఖాళీ అయితే కడిగి ఇంట్లో వాడుకునే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. ఎంత కడిగినా ఆ డబ్బా వంటింట్లోకి రాకూడదు. ఫినాయిల్, బ్లీచింగ్, ఎలుకల మందు.. ఇవి బియ్యం ఉన్న గదిలోనే ఉండకూడదు. కూల్‌డ్రింక్ బాటిల్‌లో ఫినాయిల్ పోసి ఉంచడం లాంటివి పిల్లలున్న చోట అస్సలు పనికిరావు.

నీళ్ల సంగతి చిన్నదే కానీ వానాకాలంలో అదే పెద్దది. కాచి చల్లార్చినవో, క్లోరిన్ వేసినవో తాగాలి. కుండలో చెయ్యి, గ్లాసు ముంచకుండా పొడుగు కాడ ఉన్న గరిటె వాడాలి. పిల్లల చేతులు సబ్బుతో కడగాలి. గిన్నెలో నీళ్లు పోసి అందరి చేతులూ అందులోనే ముంచితే ఒకరి మురికి అందరికీ పంచినట్టే.

మీ బిడ్డ కేంద్రంలో ఏం అడగాలి?

గొడవ పడాల్సిన పని లేదు. ఎప్పుడైనా ఒకరోజు భోజనం టైమ్‌కు వెళ్లి కూర్చోండి. అన్నం పొగలు వస్తోందా, మా పాప గుడ్డు మొత్తం తిన్నదా, పప్పు చిక్కగా ఉందా చూడండి. గత నెల బరువు ఎంత, ఈ నెల ఎంత అని అడగండి. ప్రతి నెలా బరువు తూచి రాయడం కేంద్రం పని, తెలుసుకోవడం మీ హక్కు. రెండు మూడు నెలలుగా బరువు కదలకపోతే అప్పుడే ఏఎన్ఎంకు చూపించాలి. చేతి దండ కొలిచే రంగుల టేపు ఉంటుంది. 6 నెలల నుంచి 5 ఏళ్ల బిడ్డ దండ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే జాగ్రత్త పడాలి. 11.5 కంటే తక్కువైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లు, పాలు తాగితే విరేచనాలు లాంటివి మీ బిడ్డకు ఉంటే కేంద్రంలో ముందే చెప్పి, రాయించండి. టీచరుకు తెలియకపోతే రోజూ అదే పెడతారు.

ఇక తిన్నాక పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలైతే? ఒక్క బిడ్డకే అయినా తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే ఓఆర్ఎస్ కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి, తల్లిపాలు ఆపకూడదు. విరేచనాలు తగ్గినా 14 రోజుల పాటు జింక్ మాత్ర వాడాలని డాక్టర్లు చెబుతారు. ఒకే తిండి తిన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి మొదలైతే ఇంటికి పంపేసి చూద్దాం అనుకోకూడదు. మత్తుగా ఉండటం, కళ్లు లోపలికి పోవడం, మూత్రం రాకపోవడం, రక్తం పడటం.. ఇందులో ఏది కనిపించినా 108కి కాల్ చేయాల్సిందే. ఆశ్రమాలు, హాస్టళ్లలో పిల్లల తిండి విషయంలో అనుమానం ఉంటే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఎవరైనా ఫోన్ చేయొచ్చు. ఇంకో ముఖ్యమైన విషయం.. ఆ రోజు వండిన తిండిలో మిగిలింది పారబోయకండి. మూత పెట్టి పక్కన ఉంచి, ఎవరూ ముట్టకుండా చూసి, వచ్చిన ఆరోగ్య సిబ్బందికి ఇవ్వండి. పిల్లలు ఏం తిని పడిపోయారో తేల్చడానికి ఆ గిన్నె చాలా అవసరం.